మడత, ముడత

అలహ్వేలాలో మధ్యాహ్నం రెండయితే వాన.
అది మాకు మాటగా తెలుసు, అంతే.
మా గదికి కిటికీ లేదు,
లోపలికొచ్చే గాలిని కూడా జల్లెడ పట్టి వదులుతారు.
తలకు టోపీ, మూతికి గుడ్డ, కాళ్లకు సంచులు.
మాకు మిగిలేది కళ్లు మాత్రమే.
పదకొండేళ్లుగా సీనియాని కనుబొమల బట్టే గుర్తుపడుతున్నాను,
నవ్వితే ఎడమది లేస్తుంది.

మేం చేసేది తొడుగులు.
పొట్టలోకి దిగే కెమెరా తీగకి రెండున్నర మీటర్ల పొడుగుది,
స్కానింగ్ పిడికి చేతిరుమాలంత చిన్నది.
ఉల్లిపొర కంటే పలచన.
కంటికి రెప్ప లాంటిదని మీరనొచ్చు.
కాదు. రెప్ప వేస్తే కన్ను ఆగిపోతుంది.
ఇది వేశాకే ఆ కన్నుకి లోపలికి అనుమతి.

పొడుగుదాన్ని మడవడం ఒక విద్య.
అకార్డియన్ తిత్తిలా ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ,
చివర నీలం బాణం పైకి కనబడేలా.
ఎక్కడో ఎవరో నర్సు ఆ బాణం పట్టి లాగితే
ఒక్క ఊపులో జారాలి,
విడిచిన కుబుసంలోకి పాము తిరిగి దూరినట్టు.
మొదటి వారం నేను మడిచినవన్నీ సీనియా విప్పి పారేసింది.
"మడత మనం పెట్టేది. ముడత మన కళ్లుగప్పి పడేది.
రెండూ ఒకటే అనుకునేదాన్ని ఇస్త్రీ కొట్టుకి పంపేస్తా" అంది.

మా నాన్న ఎలాదియో గ్రేసియాలో ఫోటోలు తీసేవాడు,
పెళ్లిళ్లు, బాప్తిజాలు, ఓడిపోయిన ఫుట్‌బాల్ జట్లు.
పొవాస్ కొండ బూడిద కక్కిన రోజుల్లో
కెమెరాకి రొట్టెల సంచి తొడిగి, అద్దం దగ్గర కన్నం కోసి,
అమ్మ జడ రబ్బరు బిగించేవాడు.
ఒక పెళ్లికూతురి ఫోటోలో బూడిద చుక్క ఇప్పటికీ ఉంది.
అది అద్దం మీద పడిందా, ఆమె ముసుగు మీద పడిందా
అని చచ్చేదాకా తేల్చుకోలేకపోయాడు.

పోయిన గురువారం
నా కుడి రొమ్ము మీదికి ఆ చిన్న తొడుగు వచ్చింది.
పొట్లం చింపుతుంటే లాట్ నంబరు చూశాను. మాదే, మార్చిలోది.
కుర్ర డాక్టరు జెల్ పోసి, పిడి దూర్చి, రబ్బరు వేశాడు.
తెరమీద పెద్ద నల్లటి నీడ.
"ఇంత ఉంటుందనుకోలేదు" అన్నాడు. గొంతు తడారింది.
పడుకునే ఉన్నాను, పైన బట్టలేదు, సిగ్గుకి తీరికలేదు.
నా చేయి తగలకూడదు కాబట్టి నోటితోనే చెప్పాను:
"అది నేను కాదు డాక్టర్, ముడత.
గాలి ఇరుక్కుంది. అంచుకి తోయండి.
అరచేత్తో కాదు, బొటనవేలితో."

తోశాడు.
కొండ మీంచి మబ్బు జరిగినట్టు నీడ జరిగింది.
ఇద్దరం ఊపిరి వదిలాం.
మళ్లీ ఆనించాడు.
మబ్బు పోయిన చోట
కాఫీ గింజంత ఒకటి మిగిలింది.
ఇంకోసారి నిమిరాడు. ఇంకోసారి.
చివరికి నేనే అన్నాను,
"అది తొడుగుది కాదు."

నాన్నకి జీవితమంతా తేలనిది
నాకు ఒక్క బొటనవేలితో తేలిపోయింది.

ఫలితం మంగళవారం చెబుతారట.
సోమవారం పనికి వెళ్లాను.
సీనియా కళ్లు అడిగాయి. నా కళ్లు రేపు అన్నాయి.
ఎడమ కనుబొమ లేవలేదు.
పక్కన కొత్తపిల్ల కెండ్రి ఒక చిన్న తొడుగు ఎత్తి చూపింది,
మూలన వెంట్రుకవాసి ముడత.
"ఫరవాలేదా?"
దీపానికి ఎదురుగా పట్టి చాలాసేపు చూశాను.
బయట రెండు అయ్యుంటుంది.
"విప్పు" అన్నాను.
"విప్పి మళ్లీ మడువు."